ఇంట్లో ఎలా చేస్తున్నారో ఒకసారి చూపించండి

(నల్లగొండలో నర్సింగ్ విద్యార్థుల ఎదుట, పదవీ విరమణ చేసిన ఒక సీనియర్ నర్సు ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు నుంచి రాసిన పాఠం ఇది.)

వేదిక మీది పెద్దలకు, మీ అధ్యాపకులకు, ఎదురుగా కూర్చున్న మీకందరికీ నమస్కారం. దీర్ఘవ్యాధులతో బతుకుతున్నవారికి నర్సు చేయవలసిన సేవ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. వెనక వరుసలో ఉన్నవారికి నా మాట వినిపిస్తున్నదా? సరే. నా సర్వీసంతా ఈ జిల్లాలోనూ, కొన్నేళ్లు పాలమూరు వైపునా గడిచింది కాబట్టి నేను చెప్పే మాటలన్నీ ఈ నేల మనుషుల గురించే ఉంటాయి.

ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను. బీపీ అనో షుగరు అనో మొదటిసారి తేలిన మనిషి, డాక్టరు గదిలోంచి చీటీ పట్టుకొని బయటికి వచ్చి, మిమ్మల్ని చూసి అడిగే మొదటి మాట ఏమిటి? మీలో వార్డుకు వెళ్తున్నవారికి తెలిసే ఉంటుంది. "ఈ గోలీలు ఎన్ని దినాలు ఏసుకోవాలె సిస్టరమ్మా?" అని అడుగుతారు. మనం ఏం చెప్తాం? తల ఎత్తకుండా, రిజిస్టరులో రాసుకుంటూనే, "బతికినన్నాళ్లు" అని చెప్తాం. ఆ ఒక్క మాటతో ఆ మనిషి బతుకులోకి ఎంత బరువు వచ్చి పడిందో మనం చూడం. జ్వరం వస్తే తగ్గుతుంది, కాలు విరిగితే అతుకుతుంది, కాన్పు అయితే తల్లీ బిడ్డా ఇంటికి వెళ్తారు. ఆయనకు తెలిసిన దవాఖాన అది. తగ్గని జబ్బు ఒకటి ఉంటుందని, దానితోనే దినాలు గడపాలని, అలా గడపవచ్చని ఆయనకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆ మాట చెప్పే బాధ్యత ఎక్కువసార్లు నర్సు మీదనే పడుతుంది.

ఇంకొక లెక్క చూడండి. నెలకొకసారి వచ్చే రోగి మన ముందు కూర్చునేది పది నిమిషాలు అనుకుందాం. ఏడాదికి రెండు గంటలు. ఏడాదిలో ఉన్నవి 8,760 గంటలు. మిగిలిన 8,758 గంటలు ఆ జబ్బును చూసుకునేది ఎవరు? ఆయనే, ఆయన భార్య, కోడలు, లేదంటే స్కూలుకు పోయే మనవరాలు. అంటే దీర్ఘవ్యాధిలో నిజమైన నర్సులు వాళ్లు. మనం ఆ నర్సులకు పని నేర్పేవాళ్లం. పని నేర్పేవాడు ఏం చేస్తాడు? నోటితో చెప్పి ఊరుకుంటాడా? మగ్గం దగ్గర నేత నేర్పే మనిషిని చూడండి. పిల్లవాడి చేత పోగు వేయించి, ఆ చేతుల వంక చూస్తాడు. నేను ఈ రోజు ఎన్ని విషయాలు మాట్లాడినా, తిరిగి తిరిగి ఈ మాట దగ్గరికే వస్తాను. మీరు చెప్పినది ఆయన చేత చేయించండి. చేస్తుంటే చూడండి.

ఈ మాట నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు, ఒక పెద్దాయనకు నా చేతుల్లో ముప్పు వచ్చాక తెలుసుకున్నాను. కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో మీరు రేపే వాడుకోవలసిన విషయం ఉంది.

చండూరు వైపు నుంచి ఒక నేత పనివాడు మా దగ్గరికి వచ్చేవాడు. షుగరుకు పొద్దున 20 యూనిట్ల ఇన్సులిన్ రాశారు. నేనే కూర్చోబెట్టి సూది ఎలా వేసుకోవాలో చెప్పాను. నెల తర్వాత వస్తే షుగరు ఏమీ తగ్గలేదు. "సూది వేసుకుంటున్నావా పెద్దయ్యా?" అని అడిగాను. "మంచిగనే ఏసుకుంటున్న బిడ్డా, ఒక్క దినం గూడ తప్పలే" అన్నాడు. డాక్టరు మోతాదు 28 చేశారు. మళ్లీ నెలకు వచ్చాడు, అదే షుగరు. 36 చేశారు. నేను మనసులో ఏమనుకున్నానో మీ ముందు దాచను. ఈయన అబద్ధం చెప్తున్నాడు, సూది మానేసి అన్నం కడుపునిండా తింటున్నాడు అనుకున్నాను. ఒకసారి పదిమందిలో కోప్పడ్డాను కూడా. ఆయన ఏమీ అనలేదు, తల వంచుకొని నిలబడ్డాడు.

తర్వాత కొన్నాళ్లకు కాలికి పుండు పడి వార్డులో చేరాడు. మరునాడు పొద్దున కేసు షీటులో ఉన్నట్టుగానే 36 యూనిట్లు మేమే వేశాం. మధ్యాహ్నం భోజనం రాకముందే ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, ఏం మాట్లాడుతున్నాడో తనకే తెలియని స్థితి. చూస్తే షుగరు 42. గ్లూకోజు ఎక్కించి మనిషిని దక్కించుకున్నాం. సాయంత్రం ఆయన తేరుకున్నాక, పక్కన కూర్చొని, మొదటిసారిగా, అన్ని నెలల్లో మొదటిసారిగా, "ఇంట్లో సూది ఎలా వేసుకుంటావో ఒకసారి చూపించు పెద్దయ్యా" అన్నాను. భార్య సంచిలోంచి డబ్బా తీసింది. మందు సీసా మీద 40 ఐయూ అని ఉంది. సిరంజి మూత నారింజ రంగులో ఉంది.

ఇక్కడ ఆగి లెక్క వేయండి. మన దగ్గర సీసాలలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి వాడవలసిన సిరంజి ఎర్ర మూతది, దాని మీద 40 అని ఉంటుంది. నారింజ మూత సిరంజి మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉన్న మందు కోసం చేసినది. ఆ సిరంజిలో 20 గీత దాకా లాగితే వచ్చేది మిల్లీలీటరులో ఐదోవంతు మందు. 40 సీసాలోంచి ఐదోవంతు అంటే ఎన్ని యూనిట్లు? ఎనిమిది. మేము 20 అనుకుంటున్నాం, ఒంట్లోకి పోతున్నది 8. మేము 36 అనుకున్నప్పుడు పోయింది 14 చిల్లర. వార్డులో సరైన సిరంజితో నిజంగా 36 వేసేసరికి ఆ శరీరం తట్టుకోలేకపోయింది. మందుల దుకాణంలో ఎర్ర మూతవి అయిపోతే ఉన్నవి ఇచ్చారట. ఆయన ఒక్క రోజు కూడా తప్పకుండా, నేను చెప్పిన గీత వరకే లాగి వేసుకున్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదమ్మా. నేను చూడలేదు. అంతే.

ఆయనను పదిమందిలో అన్న మాట ఇప్పటికీ నా గొంతులో ముల్లులాగా ఉంది. "మందులు సరిగా వాడడం లేదు" అని కేసు షీటులో రాసే ముందు, ఆ సంచి విప్పించి చూశామా లేదా అని మిమ్మల్ని మీరు అడగండి.

సంచి విప్పించడం అన్నాను కాబట్టి గోలీల సంగతి కూడా చెప్తాను. మన రోగులు గోలీలను పేరుతో గుర్తుపట్టరు, రంగుతో గుర్తుపడతారు. ఎర్ర గోలీ పొద్దున, తెల్ల గోలీ రాత్రి. సర్కారు దవాఖానలో ఈ నెల ఒక కంపెనీ మందు, వచ్చే నెల ఇంకొక కంపెనీ మందు వస్తుంది. మందు అదే, రంగు మారింది. అప్పుడు రెండు రకాల ప్రమాదం. ఇది కొత్త మందు అనుకొని, ఇంట్లో మిగిలిన పాతదానితో కలిపి రెండూ వేసుకుంటారు. లేదా ఇది నాది కాదని మూలన పెడతారు. కాబట్టి రంగు మారిన నాడు, "ఇది మీ పాత గోలీయే, అట్ట మాత్రమే మారింది" అని చెప్పి, పాత అట్ట, కొత్త అట్ట పక్కపక్కన పెట్టి చూపించాలి. చదువు రాని వారికి అట్ట మీద పొద్దుకు సూర్యుడి బొమ్మ, రాత్రికి నెలవంక బొమ్మ పెన్నుతో వేసి ఇవ్వవచ్చు. అర నిమిషం పని.

పాలమూరు వైపు నుంచి పుణెకో బొంబాయికో పనికి వలస పోయే కుటుంబాల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. నారాయణపేట, కొడంగల్, మక్తల్ వైపు ఊళ్లలో పంటలయ్యాక తాళాలు వేసిన ఇళ్లు మీరు చూసే ఉంటారు. మన రిజిస్టరులో ఆ రోగి "రాలేదు" అని ఉంటుంది. రాలేదు కాదు, ఊళ్లోనే లేడు. పోయే ముందు ఏ నెలలో పోతారో అడిగి, డాక్టరుతో మాట్లాడి వీలైనన్ని ఎక్కువ రోజుల మందులు ఇప్పించి, మందు పేరు, మోతాదు, ఆఖరుసారి చూసిన బీపీ, షుగరు ఒక కాగితం మీద రాసి చేతికి ఇవ్వాలి. ఆ కాగితం ఫోటో వాళ్ల ఫోనులో ఉండేటట్టు చూడాలి. కాగితం వానకు తడుస్తుంది, ఫోను జేబులోనే ఉంటుంది.

ఇన్సులిన్ దాచే సంగతికి వద్దాం. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. గడ్డ కట్టినది కరిగినా మళ్లీ పనికిరాదు. వాడుకలో ఉన్న సీసా చల్లటి చోట పెడితే నాలుగు వారాలు పనిచేస్తుంది. ఇది పుస్తకం మాట. నల్లగొండ ఎండాకాలంలో, రేకుల ఇంట్లో, ఫ్రిజ్ లేని ఇంట్లో చల్లటి చోటు ఎక్కడుంది? పెద్ద మట్టికుండలో ఇసుక పోసి, దానిలో చిన్న ముంత నిలిపి, ఇసుకను రెండు పూటలా తడిపి, సీసాను మూత బిగిసిన డబ్బాలో పెట్టి ఆ ముంతలో ఉంచి, పైన తడిబట్ట కప్పితే చాలా మేలు. మట్టి తడి ఆరుతూ చల్లదనం ఇస్తుంది, మన ఇళ్లలో మంచినీళ్ల కుండ చల్లబడే తీరే ఇది. ఫ్రిజ్ ఉన్న ఇళ్లలోనూ, పైన మంచు గడ్డకట్టే అరలో పెట్టేవాళ్లున్నారు. ఎక్కడ పెట్టారో అడగండి. మబ్బుగా ఉండే మిశ్రమ ఇన్సులిన్ అయితే వాడే ముందు రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, కుదపకూడదు. రోజూ ఒకే చోట పొడిస్తే అక్కడ కొవ్వు గడ్డ కడుతుంది, ఆ గడ్డలో వేసిన మందు సరిగా ఎక్కదు. పొట్ట మీద వేలితో తడిమి చూస్తే మీకే తెలుస్తుంది. నొప్పి ఉండదని చాలామంది కావాలనే ఆ గడ్డలోనే వేసుకుంటారు.

షుగరు పడిపోవడం గురించి ఇంటివాళ్లకు తప్పకుండా నేర్పాలి. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, తిక్క మాటలు. ఊళ్లలో దీన్ని గాలి సోకిందనుకొని తాయెత్తు కోసం పోయిన ఇళ్లు నాకు తెలుసు. 70 కంటే తక్కువ వచ్చినా, పరీక్ష చేసే వీలు లేక అనుమానం ఉన్నా, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట ఆగి చూసి, ఆ లక్షణాలు తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. తెలివి తప్పిన మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకొక మాట. శనివారం ఒక్కపొద్దులు ఉండే తల్లులు, రంజానులో రోజా ఉండే పెద్దలు మన రోగుల్లో ఎందరో ఉన్నారు. "ఉపవాసాలు ఉండొద్దు" అని గద్దిస్తే ఏమవుతుంది? వాళ్లు ఉపవాసం మానరు, మనకు చెప్పడం మానేస్తారు. ముందుగా చెప్తే ఆ రోజులకు డాక్టరు చేత మోతాదు మార్పించవచ్చు కదా.

పాదాల గురించి రెండు మాటలు చెప్పి ముందుకు పోదామనుకున్నాను కానీ రెండు మాటలతో పోదు. షుగరు రోగి పాదం చూడాలంటే ఏం చేయాలి? ముందు మీరు వంగాలి. రోగి కుర్చీలో, మీరు కింద ముక్కాలి పీట మీద. చెప్పులు విప్పించి, వేళ్ల సందులు విడదీసి, మడమ కింద చేయి పెట్టి ఎత్తి చూడాలి. స్పర్శ పరీక్షకు పది గ్రాముల మోనోఫిలమెంట్ అనే సన్నని నైలాన్ పోగు ఉంటుంది. కళ్లు మూసుకోమని, ఆ పోగు వంగేంతవరకు అరికాలికి ఆనించి, తెలిసిందా అని అడుగుతాం. తెలియని చోటు ఉన్నదంటే అక్కడ ముల్లు గుచ్చుకున్నా తెలియదు. నాట్లు వేసే తల్లి రోజంతా నీళ్లలో నిలబడుతుంది. వేళ్ల సందులు నాని, తెల్లబడి, చిట్లుతాయి. ఆ నెలల్లో ఇంటికి వచ్చాక సందులు పొడిబట్టతో ఒత్తి తుడుచుకోమని చెప్పాలి. స్నానం నీళ్లు పాదంతో చూడొద్దు, మోచేతితో చూసుకోవాలి, లేదా ఇంకొకరు చేయి పెట్టి చూడాలి. వేళ్లకు తగిలించుకొనే చెప్పు జారిపోయినా స్పర్శ లేని కాలికి తెలియదు, కాబట్టి వెనక పట్టీ ఉన్నది వేసుకోవాలి. రాత్రి నేల మీద పడుకున్న మనిషి పాదాన్ని ఎలుక కొరికితే, తెల్లవారి నెత్తురు చూశాక గానీ తెలియని రోగిని నేను చూశాను. ఆమెకు దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకోమని చెప్పాం. అది కూడా నర్సింగ్ సలహాయే.

ఇక మన జిల్లా పేరు ప్రపంచమంతా తెలిసిన జబ్బు దగ్గరికి, తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగి బిగుసుకుపోయే ఫ్లోరోసిస్ దగ్గరికి వస్తాను. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. దాని పేరు నల్లగొండ పద్ధతి. ఎక్కడో ఆఫ్రికా దేశాల వారి పుస్తకాల్లో మన ఊరి పేరు ఉంటుంది, మన నొప్పి వల్ల. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్, మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న కాలం చూశాం. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చాయి, మంచిదే, చాలా మంచిదే. కానీ ముప్పై నలభై ఏళ్లు బోరు నీళ్లు తాగి వంగిన వెన్ను కృష్ణా నీళ్లకు లేచి నిలబడదు. వాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు, ముసలివాళ్లయ్యారు, కొందరు నడివయసులోనే మంచం పట్టారు. ఈ జబ్బుకు నయం చేసే మందు లేదు. అంటే ఏం మిగిలింది? నర్సింగ్ మిగిలింది.

మీ పుస్తకంలో ఒత్తిడి పుండ్లు వచ్చే చోట్ల బొమ్మ ఉంటుంది. వెల్లకిలా పడుకున్న మనిషికి తల వెనక, భుజాలు, నడుము కింది ఎముక, మడమలు. ఫ్లోరోసిస్‌తో వెన్ను విల్లులా వంగి, మోకాళ్లు మడతపడి బిగుసుకున్న మనిషి వెల్లకిలా పడుకోగలడా? పడుకోలేడు. ఒక పక్కకే పడుకుంటాడు. అందుకని ఆయన పుండ్లు తుంటి పక్కన, మోకాలి పక్కన, చీలమండ మీద, రెండు మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునే చోట, ఆనించి కూర్చోబెడితే వెన్ను గూని మీద వస్తాయి. పుస్తకం బొమ్మ పెట్టుకొని వెతికితే పుండు మీకు కనబడదు. ఆయనను తిప్పేటప్పుడు ఒక్కరే లాగకూడదు. బిగుసుకుపోయిన వెన్ను, మెడ ఒకే దుంగలాగా కదులుతాయి కాబట్టి ఇద్దరు పట్టి, దుప్పటి సాయంతో, తల నుంచి తుంటి దాకా ఒక్కసారిగా తిప్పాలి. మోకాళ్లు బలవంతంగా చాచకూడదు. వంగినంతలోనే మధ్యన మెత్త పెట్టాలి. వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడినవారికి మూత్రం నిలిచిపోతుంది, మలబద్ధకం ఉంటుంది. అడగందే చెప్పరు, సిగ్గుపడతారు. తిండిలో పాలు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ ఉండేటట్టు చూడాలి. నల్ల ఉప్పు, డికాక్షన్ చాయ్ తగ్గించమనాలి, వాటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

పుండు మొదలయ్యేది ఎలా కనిపెడతారు? "చర్మం ఎర్రబడుతుంది, వేలితో నొక్కినా తెల్లబడదు" అని రాస్తారు మీరు పరీక్షలో. తెల్లతోలు మనుషులను చూసి రాసిన వాక్యం అది. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడదమ్మా. పక్క చర్మం కంటే ఇంకొంచెం నల్లగానో వంకాయ రంగులోనో ఉంటుంది. చేయి వెనకవైపు ఆనిస్తే వేడిగా ఉంటుంది, వేలితో తాకితే గట్టిగానో, మరీ మెత్తగానో ఉంటుంది. కాబట్టి కంటితో పాటు చేతితో చూడండి. రంగు మారిన చోట కొబ్బరినూనె పోసి గట్టిగా రుద్దకూడదు, లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. రెండు గంటలకు ఒకసారి పక్క మార్చడం అన్నిటికంటే పెద్ద మందు. ఇంట్లో గడియారం చూసి చేయలేకపోతే, ఆ ఇంటి పనుల లెక్కతో ముడిపెట్టండి. పాలు పితికే వేళకు ఇటు, చాయ్ వేళకు అటు, అన్నం వండే వేళకు మళ్లీ ఇటు.

కిడ్నీ పాడై డయాలసిస్ మీద ఉన్నవారి గురించి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. మన జిల్లాల్లో ఇప్పుడు డయాలసిస్ కేంద్రాలు దగ్గరికి వచ్చాయి. ఖర్చుకు ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి అని గుర్తుంచుకోండి. మిషను పని మీకు నేర్పుతారు. నేను చెప్పేది మిషను లేని గంటల గురించి. డయాలసిస్ కోసం చేతిలో ధమనిని, సిరను కలిపి చేసిన ఫిస్టులా ఆ మనిషికి ప్రాణనాడి. పొద్దున లేవగానే దాని మీద వేళ్లు ఆనించి, పిల్లి గురగురలాంటి కదలిక ఉందో లేదో చూసుకోవడం నేర్పండి. ఆ కదలిక ఆగిపోతే ఆ రోజే రావాలి, డయాలసిస్ రోజు దాకా ఆగకూడదు. ఆ చేతికి బీపీ చూడొద్దు, నెత్తురు తీయొద్దు, ఆ చేతితో బిందె ఎత్తొద్దు, ఆ చేయి తల కింద పెట్టి పడుకోవద్దు. దేవరకొండ తండా నుంచి వచ్చే ఒక లంబాడా పెద్దమ్మకు జబ్బ దాకా గాజులు. తీసేయమ్మా అంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, భర్త ఉండగా తీయకూడదని ఆమె నమ్మకం. అప్పుడు మా జూనియర్ సిస్టరు ఒకామె, ఆమెది కూడా తండాయే, వాళ్ల భాషలో మాట్లాడి, ఆ చేతి గాజులు తీసి రెండో చేతికి కలిపి వేసుకునేటట్టు ఒప్పించింది. నేనైతే అరిచేదాన్ని. ఆ పిల్లకు తెలిసినది నాకు తెలియలేదు.

డయాలసిస్ రోగిని చూడడానికి వచ్చే చుట్టాలు ఏం తెస్తారు? కొబ్బరిబొండాలు. ప్రేమతోనే తెస్తారు. ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ, ఈ మనిషి కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, గుండె ఆగే ప్రమాదం ఉంది. రోగికి చెప్తే చాలదు, వార్డు గుమ్మంలో చుట్టాలకు చెప్పాలి. కూరగాయలు కోసి, ఎక్కువ నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండితే పొటాషియం తగ్గుతుంది. తొక్కులో ఉప్పు తింటే దాహం ఆగదు, దాహం ఆగకపోతే నీళ్ల లెక్క తప్పుతుంది. డాక్టరు చెప్పిన నీళ్లను పొద్దున్నే ఒక సీసాలో పోసి పెట్టి, చాయ్ తాగినా మజ్జిగ తాగినా అంత నీరు ఆ సీసాలోంచి ఒంపేస్తే, సాయంత్రానికి ఎంత మిగిలిందో కంటికి కనబడుతుంది.

కొంచెం ఇబ్బందికరమైన విషయం ఒకటి చెప్పాలి. పాలమూరు వైపు పనిచేయబోయేవారు ముఖ్యంగా వినండి. దీర్ఘవ్యాధితో చేరిన మనిషి, మొదటి రోజు బాగానే ఉండి, రెండో రోజుకో మూడో రోజుకో నిద్ర లేక, చేతులు వణికి, ఎవరో పిలుస్తున్నారని లేచి పరుగెత్తి, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తే, "కల్లు తాగే అలవాటు ఉందా, ఏ దుకాణంలో, రోజుకు ఎన్ని సీసాలు" అని ఇంటివాళ్లను అడగండి. చెట్టు కల్లు వేరు. ఆల్‌ప్రజోలాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు వేరు. ఏళ్ల తరబడి తాగి ఒక్కసారిగా ఆగితే ఇలా అవుతుంది. చేర్చుకునే రోజే, నలుగురిలో కాకుండా, తప్పు పట్టినట్టు కాకుండా అడిగి డాక్టరుకు చెప్తే ముందే మందు ఇవ్వవచ్చు. ఆడవాళ్లను కూడా అడగాలి.

ఇప్పుడు మంచం మీద ఉన్న మనిషి నుంచి మంచం పక్కన ఉన్న మనిషి వైపు చూద్దాం. పక్షవాతం వచ్చిన అత్తను నాలుగేళ్లుగా చూస్తున్న కోడలు మీ దగ్గరికి వస్తుంది. అత్తకు మూత్రం గొట్టం ఎలా ఉంది, పుండు ఎలా ఉంది అని అడుగుతాం. "నువ్వు రాత్రి ఎంతసేపు పడుకున్నావమ్మా?" అని ఎప్పుడైనా అడిగామా? నేను ఒకసారి అడిగితే ఆ పిల్ల జవాబు చెప్పకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. నడుము నొప్పితో వంగలేకపోతున్నది, ఎవరికీ చెప్పలేదు. బరువు మనిషిని ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, మనిషిని ఒంటికి దగ్గరగా పట్టుకొని ఎత్తాలని ఎవరూ ఆమెకు నేర్పలేదు. అది నేర్పడానికి మాకు పట్టింది ఐదు నిమిషాలు. నాలుగేళ్లు ఆలస్యంగా.

ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టిన మే 12న ప్రతి ఏటా మనం దీపాలు వెలిగిస్తాం. దీపం పట్టుకొని నడిచిన ఆమె బొమ్మ మీకందరికీ తెలుసు. క్రిమియా యుద్ధం నుంచి 1856లో తిరిగి వచ్చాక, మరుసటి ఏడు నుంచి ఆమె ఎన్నో ఏళ్లు మంచం మీద, గది దాటకుండా గడిపిందని మీలో ఎంతమందికి తెలుసు? మేకలు, గొర్రెలు, పశువుల పాల ద్వారా సోకే బ్రూసెల్లోసిస్ అయి ఉంటుందని ఇప్పటి వైద్యులు కొందరి అభిప్రాయం. మన గొల్ల కురుమల ఇళ్లలోనూ కనబడే జబ్బే అది. విడవని జ్వరం, నడుము నొప్పి అని గొర్లకాపరి వస్తే గుర్తు చేసుకోండి. ఆ మంచం మీది నుంచే ఆమె మన దేశంలోని సైనికుల ఆరోగ్యం మీద లెక్కలు తెప్పించుకొని నివేదికలు రాసింది. తొంభై ఏళ్లు బతికి 1910లో పోయింది. మనకు దారి చూపినామె తానే ఒక దీర్ఘరోగి. "బతికినన్నాళ్లు" అనే మాట విని నీరసపడిన రోగికి నేను ఈ సంగతి చెప్పేదాన్ని.

నొప్పి గురించి ఒక్కటే చెప్తాను, సమయం అయిపోతున్నది. క్యాన్సరు ముదిరిన మనిషి నొప్పితో అరుస్తుంటే "ఓర్చుకో" అనకండి. నోటితో తీసుకునే మార్ఫిన్ ఉంది. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు దాన్ని తెప్పించుకోవడం సులువైంది. మహబూబ్‌నగర్‌లో నయం కాని జబ్బులవారికి నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ కేంద్రం ఉంది, ఇంటికి వచ్చి చూసే ఆలన వాహనం ఉంది. హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సరు ఆసుపత్రి నుంచి తిరిగి పంపినంత మాత్రాన చేయడానికి ఏమీ మిగల్లేదని ఇంటివాళ్లకు అనిపించకూడదు. నోరు శుభ్రం చేయడం, పుండు వాసన రాకుండా కట్టు కట్టడం, నొప్పి మందు వేళకు అందేటట్టు చూడడం, ఇవన్నీ మన చేతిలో ఉన్నాయి.

అమ్మా, ఆ బల్ల కింద ఉన్న పెట్టె ఇటు అందించండి. ఇందులో సెలైన్ నింపిన ఖాళీ ఇన్సులిన్ సీసాలు ఉన్నాయి, అన్నీ 40వి. సిరంజిలు రెండు రకాలు, ఎర్ర మూతవి, నారింజ మూతవి, కావాలనే కలిపి పెట్టాను. ముందు వరుసలోనివారు ఇద్దరిద్దరుగా రండి. ఒకరు నర్సు, ఇంకొకరు చండూరు నుంచి వచ్చిన పెద్దయ్య. పెద్దయ్య పెట్టెలోంచి చేతికి అందిన సిరంజి తీసుకొని 20 యూనిట్లు లాగాలి. నర్సుగా ఉన్నవారు, "ఇంట్లో ఎలా చేస్తావో చూపించు పెద్దయ్యా" అని మాత్రమే అనండి. ఆ తర్వాత మాట్లాడకండి, చేతుల వంక చూడండి. మీరు, ఆ చివర కూర్చున్న ఇద్దరూ, ముందు మీరు రండి నాయనా.